ఇయ్యాల మళ్ల చూడాలె

మా పక్కింటి కాక కిందటి నెల పోయాడు. ఆయన భార్య, చిన్నమ్మ, గోడవతల నుంచి "బిడ్డా, ఒక్కసారి రా" అని పిలిచిన తీరులోనే నాకు అర్థమైంది. ఏడవడానికి కూడా ఎవరికీ ఓపిక మిగల్లేదు. రెండు క్యాన్సర్లు చూసిన ఇల్లది.

కాక బొగ్గుబాయిలో పైకప్పు కూలకుండా కింద కర్రలు నిలబెట్టేవాడు. షిఫ్టు మొదలవగానే చేతికర్రతో కప్పును కొట్టి చప్పుడు వినేవాడు. ఆయన గట్టిగా ఉందంటేనే మిగతావాళ్లు అడుగుపెట్టేవారు. రిటైరయ్యాక మా వంటింటి స్లాబునూ వదల్లేదు. ఓసారి పెచ్చు ఊడి పప్పుగిన్నెలో పడి, అమ్మతో పెద్ద లడాయి. "నిన్ననే చూసినవ్ గద కాకా" అని నేనంటే, "నిన్నటిది నిన్ననే. ఇయ్యాల మళ్ల చూడాలె" అనేవాడు.

క్యాన్సర్ మొదట గొంతులో వచ్చింది. హైదరాబాద్ తిరిగి తిరిగి తగ్గించుకున్నాడు. ఏటా వచ్చి చూపించుకోమన్నారు. కొన్నాళ్లు పోయి మానేశాడు. తర్వాత దగ్గు పట్టుకుంటే, "బాయిల పనిచేసినోనికి దగ్గు రాక ఏమొస్తది?" అని ఆయనే నవ్వాడు. మా బాయి క్వార్టర్ల లైన్లో దగ్గని మగాడెవడు? ఎవరూ పట్టించుకోలేదు.

ఈసారి ఊపిరితిత్తిలో. "పాతదే మళ్ల లేసిందా సారూ?" అని డాక్టరును అడిగాడు. "కాదు. ఇది వేరే, కొత్తగా పుట్టింది" అన్నాడాయన. తిరిగొచ్చే బస్సులో దారంతా నాతో కాకది ఒకటే మాట: "ఒక్కపాలి అయితే అయిపాయె అనుకున్న. గిట్ల గూడ వస్తదా?" నాకు ఒళ్లు మండింది. ఎవరి మీద మండాలో తెలియలేదు. ఇంటికొస్తే ఇరుగుపొరుగు, "అప్పుడు సరిగ చెయ్యలే, గందుకే" అని తేల్చేశారు. ఇది వేరేదని చెప్పి చెప్పి నా నోరు నొచ్చింది.

మళ్లీ మందులంటే కాక వద్దన్నాడు. "నాతోని కాదు." చిన్నమ్మ బతిమాలింది, తిట్టింది, తిండి మానేసింది. చివరికి షరతు పెట్టాడు.

"నేనస్త. నువ్వు గూడ చూపిచ్చుకోవాలె. నీ దగ్గు నాకు ఇనస్తలేదనుకున్నవా?"

ఏళ్ల తరబడి బొగ్గుపొయ్యి ఊదిన మనిషి ఆమె. "పొగ దగ్గు అది, ఫికర్ చెయ్యకు. ముందు నీది కానీ, పోత" అంది.

ఆయన తన మాట నిలుపుకున్నాడు. మందులు పడక చిక్కి సగమైపోయినా, మంచం మీంచి అడుగుతూనే ఉండేవాడు: "పోయినవా?"

"రేపు పోత."

దినాలు అయిన మర్నాడు పొద్దున మా గేటు చప్పుడైంది. చిన్నమ్మ ఉతికిన చీర కట్టుకుని, కాక కర్ర పట్టుకుని నిలబడింది. "దవాఖానకు తోలుకపోతవా బిడ్డా?" అంది.

ఆటో కోసం చూస్తూ మా మెట్టు మీద కూర్చుంది. దగ్గు ఆగినప్పుడల్లా ఆ కర్రతో నేలను మెల్లగా కొట్టి, తల వంచి వింటోంది.