గోడ కంతలో చిలకలు

చిలకను చూసి ముచ్చటపడేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. దూరం నుంచి ఆ పచ్చదనమూ ఎర్ర ముక్కూ బాగానే ఉంటాయి. తెల్లవారకముందే తలకు జానెడు దూరంలో దాని అరుపు వింటూ లేచినవాణ్ణి నేను.

అరవైల చివర సంగతి. బాపట్ల నుంచి వచ్చి ఆబిడ్స్‌లో ఒక ఆఫీసులో గుమాస్తాగా చేరాను. నాంపల్లి స్టేషనుకు వెళ్ళే దారిలో ఒక పాత మేడ, రెండో అంతస్తులో గది. గదిలో రెండో మంచం మెదక్ వైపు పల్లెటూరి నుంచి వచ్చినతనిది. అతనూ గుమాస్తాయే, ఆఫీసు బషీర్‌బాగ్‌లో. నేను అతన్ని మీరు అనేవాణ్ణి. అతను మొదటిరోజు నుంచే నన్ను నువ్వు అన్నాడు. వాళ్ళ వైపు అది చనువని నాకెవరూ చెప్పలేదు. చెప్పినా వినేవాణ్ణి కాదేమో. అప్పటికే ఊళ్ళో గోడల మీద ఆంధ్రా నుంచి వచ్చిన మావాళ్ళను వెళ్ళిపొమ్మని రాతలు కనిపిస్తున్నాయి. వాటి గురించి మేమిద్దరం ఒక్క మాట కూడా అనుకోలేదు. పోట్లాటంతా చిలకల మీదే జరిగింది.

ఆ మేడ కట్టేటప్పుడు పరంజా కర్రలు దూర్చడానికి వదిలిన కంతలు కొన్ని పూడ్చకుండా వదిలేశారు. నా మంచం తలవైపు గోడకు బయట, వరండా కమ్మీల పక్కన అలాంటి కంత ఒకటి ఉండేది. లోపలివైపు పలచటి సున్నపు గచ్చు తప్ప అడ్డం లేదు. అందులో ఒక చిలకల జంట గూడు పెట్టింది. అతను రోజూ శనగలు నానబోసి కిటికీ గడప మీద వేసేవాడు. ఆ జంటతో పాటు స్టేషను చెట్ల మీద ఉండే గుంపంతా దిగేది.

"మేత వెయ్యడం మానండి. గది నిండా రెట్టలే" అన్నాను ఒకరోజు.

"నీ మంచం మీద ఏస్తలేను గద."

"మీ ఊళ్ళో పంట మీద పడినా ఇలాగే మేపుతారా?"

అతను శనగలు వెయ్యడం ఆపలేదు. "చిన్నప్పుడు మా జొన్నచేన్ల పొద్దంత వడిసెల పట్టుకొని గీటినే కొట్టిన. ఎన్ని సచ్చినయో నాకే ఎర్కలేదు. గీడ నాకు కావలి కాసెటందుకు చేను లేదు. ఎందుకు కొట్టాలె?"

ఆ వారమే నా బి.ఏ. సర్టిఫికెట్టును నకలు తీయించడానికి పెట్టెలోంచి తీసి బల్ల మీద పెట్టి స్నానానికి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి కిటికీ తెరిచి ఉంది, బల్ల మీద చిలక ఉంది. కాగితం ఒక అంచు పొడుగునా, ముద్రతో సహా, పీలికలై నేల మీద పడి ఉంది. అతను మంచం మీద కూర్చుని నవ్వుతున్నాడు.

"కాగితమే గద. మల్ల తెచ్చుకో."

ఆ కాగితం కోసం మా నాన్న ఏం అమ్ముకున్నాడో అతనికి చెప్పాలనిపించలేదు. ఆ నవ్వు మాత్రం గుర్తుపెట్టుకున్నాను.

పది రోజుల తర్వాత అతను చెల్లెలి పెళ్ళిచూపులకని ఊరికి వెళ్ళాడు. కింద మెట్లు బాగుచేస్తున్న మేస్త్రీని అడిగి తట్టెడు సిమెంటు కలిపించుకున్నాను. స్టూలు ఎక్కి, కంతలో ఇటుక ముక్కలు కుక్కి, పైన మెత్తేశాను. లోపల పిల్లలున్నాయని నాకు తెలుసు. రెండు వారాలుగా గోడలోంచి వాటి కిచకిచ వింటున్నాను. తెలియక చేశానని తర్వాత అందరికీ చెప్పుకున్నాను. అది అబద్ధం.

తల్లి చిలక ఆ సాయంత్రమంతా కమ్మీ మీద వాలి అరిచింది. మర్నాడు పొద్దున్నే వచ్చి సిమెంటు మీద ముక్కుతో పొడిచింది. లోపలి చప్పుడు కాస్త కాస్తగా తగ్గింది. స్టూలు అక్కడే ఉంది, సిమెంటు ఇంకా పచ్చిగానే ఉంది. నేను చొక్కా తొడుక్కుని సుల్తాన్ బజారుకు వెళ్ళి, అవసరం లేని తువ్వాలు ఒకటి కొనుక్కుని, మధ్యాహ్నం దాటాక వచ్చాను.

అతను సాయంత్రం బండికి దిగాడు. చేతిసంచి దించకుండానే వరండాలోకి వెళ్ళి చూశాడు. కిందికి దిగి, మేస్త్రీ దగ్గర సుత్తీ ఉలీ తెచ్చాడు. లోపల మూడు పిల్లలు. రెండు చచ్చిపోయాయి. మూడోది మెడ నిలపలేక అతని అరచేతిలో నోరు తెరిచింది.

"పిల్లలున్నయని నీకెర్కనా?"

"తెలీదు."

"రోజు ఆ గోడకే తలపెట్టి పండుతవ్. ఎర్కలేదా?" అన్నాడు. పిల్ల మీద రెండో చెయ్యి కప్పి, "మీరంత గింతే" అన్నాడు.

"మీరంతా అంటే ఎవరు?"

"నీకెర్కనే."

"నా సర్టిఫికెట్టు చిరిగినప్పుడు నవ్వావు కదా. ఇప్పుడు నవ్వు" అన్నాను. అతన్ని నువ్వు అనడం అదే మొదటిసారి.

పిల్లను గూట్లో పెట్టి ఒక పూట చూశాడు. పెద్ద చిలకలు కంత దగ్గరికి రాలేదు. అప్పుడు దాన్ని చెప్పుల పెట్టెలో పెట్టుకుని, శనగలూ అన్నమూ మెత్తగా నూరి వేలితో తినిపించడం మొదలుపెట్టాడు. ఆఫీసుకు వెళ్ళేటప్పుడు నా దగ్గర వదలలేదు. మూతకు చిల్లులు పొడిచిన టిఫిను డబ్బాలో పెట్టుకుని తీసుకెళ్ళేవాడు. ఆ డబ్బా చూసినప్పుడల్లా నాకు సిగ్గు వేసిందని రాస్తే బాగుంటుంది. కోపమే వచ్చింది.

ఆబిడ్స్‌లో మేము భోంచేసే మెస్సులో సంగతి తెలిసిపోయింది. అతని వైపు వాళ్ళు నేను కూర్చున్న బల్ల దగ్గరికి రావడం మానేశారు. మావాళ్ళు నా భుజం తట్టి, "పిట్టల కోసం ఇంత రాద్ధాంతమా, బాగా బుద్ధి చెప్పావు" అన్నారు. నేను చేసిన పని ఎంత నీచమైందో వాళ్ళ మెప్పు విన్నాకే తెలిసింది. అయినా ఆ బల్ల దగ్గరే కూర్చుని తిన్నాను.

నెల దాటాక పిల్లకు రెక్కలొచ్చాయి. ఒక ఆదివారం పొద్దున కిటికీ గడప మీద నుంచి ఎగిరి, ఎదురు మేడ పిట్టగోడ మీద వాలి, అక్కణ్ణుంచి స్టేషను వైపు వెళ్ళిపోయింది. అతను చాలాసేపు అటే చూసి, మంచం కింది ట్రంకుపెట్టె లాగి బట్టలు సర్దుకున్నాడు.

"ఇగ నాకు గీడ పని లేదు. ఇంటాయనకు చెప్పిన" అన్నాడు.

"సరే" అన్నాను. అతను మెట్లు దిగుతుంటే పెట్టె ఒక కొస పట్టుకోవచ్చు. పట్టుకోలేదు.

ఆ గదిలో మరో నాలుగేళ్ళు ఉన్నాను. చిలకలు పక్క కంతలో గూడు పెట్టాయి. వాటి జోలికి నేను పోలేదు, వాటి మీద నాకు జాలీ కలగలేదు. పొద్దున్నే ఆ అరుపు వినగానే పళ్ళు కొరుక్కుంటూ లేచేవాణ్ణి.

డెబ్బైల మధ్యలో ఒకసారి బషీర్‌బాగ్ బస్టాపులో అతను కనిపించాడు. చంకలో చిన్న పాప. నన్ను గుర్తుపట్టాడు. నోరు తెరవబోయాను. అతను పాపను ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకుని, నాకు వీపు పెట్టి నిలబడ్డాడు. అప్పుడే వచ్చి ఆగిన బస్సు ఎక్కేశాను. అది ఎక్కడికి పోయే బస్సో కండక్టరు అడిగేదాకా చూసుకోలేదు.