తాత నమ్మిన పన్నెండో తారీకు

టెక్కలిలో నేను పాఠాలు చెప్పే బడి ముందు, కరెంటు తీగలకు తగులుతున్నాయని మొన్న ఎవరో కొబ్బరి మట్టలు నరికారు. నరికిన చోట పచ్చి వాసన ఒకటి వస్తుంది, కాస్త తియ్యగా, కాస్త వగరుగా. పక్క క్లాసు టీచరమ్మ గుండెల నిండా పీల్చుకుని "ఎంత బావుందో" అంది. నేను ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకున్నాను. లోపలికి పోయి కిటికీ రెక్కలు మూసుకున్నాను. కొబ్బరితోటల ఉద్దానంలో పుట్టిన పిల్లకి కొబ్బరి వాసన పడదంటే ఎవరు నమ్ముతారు?

మాది పూండి స్టేషను దాటాక సముద్రం వైపు పోయే దారిలో తోట. తోటలోనే ఇల్లు, మట్టి గోడలు, పైన కొబ్బరాకు కప్పు. మిట్టమధ్యాహ్నం కూడా ఎండ చిల్లరగా రాలేది తప్ప నేల నిండా పరుచుకునేది కాదు. ఎండిన మట్ట మీద తమ్ముణ్ణి కూర్చోబెట్టి ఇసకలో ఈడ్చుకుపోవడం, ఆకు చుట్టి బూర చేసి చెవులు చిల్లులు పడేలా ఊదడం, వేసవిలో జీడిపళ్లు ఉప్పద్దుకుని గొంతు గరగరలాడేదాకా తిని గౌను మీద మరకలు పడ్డాయని అమ్మ చేత వీపు మోగించుకోవడం, వానాకాలంలో దాచిన పనసపిక్కలు నిప్పుల్లో పడేసి అవి టప్పున పేలితే ఎగిరి గంతెయ్యడం, బారువ నుంచి గంపతో వచ్చే ఆమె దగ్గర కొన్న ఎండు నెత్తళ్ల చేపలు వేయించుకుని చోడి అంబలిలో, అదే రాగి జావలో, నంజుకోవడం, ఇదీ మా లోకం. నాన్న చెన్నైలో పనికి పోయి పండక్కో జబ్బుకో వచ్చేవాడు. ఇంటికి పెద్ద తాతే.

నాయనమ్మ అడ్డపొగ తాగేది. చుట్ట నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని, పెదాలు మూసి, ఆ నోటితోనే మమ్మల్ని తిట్టేది కూడా. తమ్ముడు దగ్గరికెళ్లి, నోరు కాలదా అని అడిగేవాడు. "కాల్తే మాత్రం ఏటిరా, గాలికి ఆరదు గదా" అనేది. ఎంత ఈదురుగాలిలోనైనా ఆమె చుట్ట ఆరడం నేను చూడలేదు.

తాతకి చదువు లేదు గానీ లెక్క ఉంది. ఏ తిథికి సముద్రం పోటు ఎంత ఎక్కుతుందో, పాటు ఎప్పుడు తీస్తుందో వేటకెళ్లేవాళ్లు కూడా ఒకోసారి ఆయన్నే అడిగేవాళ్లు. ఆయన నమ్మకం ఒకటే: రోజుకి గుణం ఉంటుంది, ఒకసారి చేసిన పని ఆ రోజు మళ్లీ చేస్తుంది. మా బళ్లో వరండా గోడకి నల్లబల్ల ఒకటి ఉండేది, 'చరిత్రలో ఈ రోజు' అని. దస్తూరి బాగుందని మాస్టారు నా చేత రాయించేవారు. సాయంత్రం తాత నన్నడిగేవాడు, "ఈయాల ఏటేటి జరిగినాయే?" ఏదో దేశంలో యుద్ధం మొదలైందనీ, మరో దేశంలో మరో ఏడు ఇదే రోజున ముగిసిందనీ చెబితే చాలా సేపు తలాడించేవాడు. "సూసినావా? తారీకు ఊరకే ఉండదే" అనేవాడు.

రెండు వేల పదమూడు అక్టోబరు పన్నెండున పైలిన్ తుఫాను వచ్చింది. దసరా సెలవులు. ఊరందరితో పాటు మమ్మల్నీ బడి భవనంలోకి తోలారు. తిరిగొచ్చేసరికి కప్పు ఎగిరిపోయింది, కొన్ని చెట్లు కూలాయి, మనుషులం మిగిలాం. పద్నాలుగులో హుద్‌హుద్ వచ్చింది. అదీ అక్టోబరు పన్నెండే. అది విశాఖపట్నం మీద పడింది, మాకు గాలీ వానా మాత్రమే. అయినా ఊరంతా నోరెళ్లబెట్టింది. బడి తెరిచాక మాస్టారు బల్ల మీద పన్నెండో తారీకే ఉంచి, ఎవరో నావికుడు పడమటి సముద్రం దాటి కొత్త ఖండపు దీవిలో కాలు పెట్టిన రోజనీ, దాని కింద పైలిన్ అనీ, దాని కింద హుద్‌హుద్ అనీ నా చేత రాయించారు. తాత పనిగట్టుకుని బడికొచ్చి, చదవలేకపోయినా ఆ మూడు వరుసల ముందు నిలబడ్డాడు. "సంద్రం తిథిని పాటిత్తాది, తుపాను తారీకుని పాటిత్తాది" అన్నాడు. ఆ మాట మా చుట్టుపక్కల సామెత అయి కూర్చుంది.

అక్కణ్ణుంచి ఏటా మాకు ఒక కొత్త పండగ. పదకొండున తాత బరువు గెలలన్నీ దింపించేవాడు, చెట్టు తేలికపడితే గాలికి తట్టుకుంటుందని. పన్నెండు పొద్దున్నే ఆవు మెడలో పలుపు విప్పేసి, మమ్మల్నందర్నీ బడికి నడిపించేవాడు. నాయనమ్మ మూట కట్టేది: పొంగడాలు, కొబ్బరుండలు, ఊరగాయ జాడీ, రెండు కోకలు, చుట్టల కట్ట. మూట పైన కోడిపెట్ట. మొదటి ఏడు జనం నవ్వారు. "ఏటి మావా, తుపానుకి పిలుపు పంపినావా?" అని బనాయించారు. మబ్బు తునక కూడా లేని ఆకాశం కింద తాత మూతి బిగించుకుని నడిచాడు. మరుసటేడు నవ్విన వాళ్లలో సగం మంది వెనకాలే వచ్చారు. పిల్లలకు అంతకంటే ఏం కావాలి? బల్లలన్నీ ఓ మూలకి జరిపి దాగుడుమూతలు ఆడేవాళ్లం. రాని తుఫాను కోసం వండిన పొంగడాలంత రుచి నేను మళ్లీ ఎక్కడా ఎరగను.

పద్దెనిమిదిలో నేను పదో తరగతి దాటాను. అక్టోబరు పదిన మధ్యాహ్నం ఆటోలో మైకు వచ్చింది. తిత్లీ అనే తుఫాను, తెల్లారేలోగా తీరం దాటుతుంది, పక్కా భవనాలకు పొండి అని. అమ్మ పొయ్యి మీది గిన్నె దించేసింది. నాయనమ్మ ఎప్పట్లాగే మూట కట్టేసి గుమ్మం దగ్గర పెట్టింది. తాత అరుగు మీంచి లేవలేదు.

"పన్నెండుకి ఇంకా రెండ్రోజులున్నాది. రేపు గెలలు దింపించాల. ఆ మైకోడికేటి తెలుసు?"

"మావా, గాలి సూడండి ఎలగుందో. నా మాటినండి" అంది అమ్మ. మామగారికి ఆమె ఎదురు చెప్పడం నేను వినడం అదే మొదలు.

"ఐదేళ్లుగా నా మాటినే బతికినారు మీరు" అన్నాడు తాత.

ఆ మాట నిజం కాదు, ఆ ఐదేళ్లలో నాలుగేళ్లు ఏ తుఫానూ మా మీద పడనే లేదు. కానీ ఆయనతో అలా అనే ధైర్యం ఎవరికుంది? అమ్మ మా ఇద్దరి చేతులూ పట్టుకుంది. "అత్తా, మీరైనా రండి" అని బతిమాలింది. నాయనమ్మ మూట ఎత్తుకుంది. రెండడుగులు వేసింది కూడా.

"నీకేటే తొందర? ఎల్లుండే గదా" అన్నాడు తాత.

ఆమె మూట దించింది. "మీరెల్లండి. ఈ ముసిలోణ్ణి ఒగ్గీసి నానెక్కడికొత్తాను" అని, చుట్ట తిప్పి నోట్లో పెట్టుకుంది.

తెల్లవారుజామున వచ్చిన ఆ గాలి గురించి అడిగితే నేను చెప్పను. చెప్పగలిగిన వాళ్లు చెప్పుకోనీ. బడి కిటికీ తలుపులకు బల్లలు అడ్డం పెట్టి, వాటి మీద పెద్దవాళ్లు వీపులు ఆన్చి నిలబడ్డారు. అమ్మ గోడకేసి తిరిగి "అత్తా, అత్తా" అంటూనే ఉంది.

గాలి తగ్గాక ఇంటి దారి దొరకలేదు. దారిని గుర్తుపట్టే చెట్లన్నీ ఒకే దిక్కుకి తలలు పెట్టి పడుకున్నాయి. మానుల మీంచి ఎక్కి, మట్టల కింద నుంచి పాకి వెళ్లాం. ఉద్దానమంతా ఒకటే పచ్చి వాసన. పుట్టి బుద్ధెరిగాక మా తోటలో మొదటిసారి ఆకాశం మొత్తం కనిపించింది. గాలి మధ్యలో ఆవును విప్పడానికి తాత బయటికి వచ్చిన కాసేపట్లోనే, పెరటి చెట్టు ఇంటి మీద పడిందట. ఆవు బతికింది. తాత బతికాడు. నాయనమ్మను మాను కింద నుంచి తియ్యడానికి గొడ్డళ్లతో మనుషులు రావాల్సి వచ్చింది. గుమ్మం దగ్గర మూట, కట్టిన ముడి కట్టినట్టే ఉంది. దాన్ని చూసి అమ్మ అరిచిన అరుపు నాకు ఇప్పటికీ నిద్రలో వినిపిస్తుంది.

దారులు మూసుకుపోయాయి, తడిసిన కట్టె అంటుకోదు. ఆమెను తోటలోనే మట్టి చేశారు. జీవితమంతా నోట్లో నిప్పు పెట్టుకు తిరిగిన మనిషికి ఆఖరికి గుప్పెడు నిప్పు దొరకలేదు. తాత మీద నాకు కోపం లేదని అబద్ధం చెప్పను. చాలా కాలం ఆయన కంచంలో అన్నం పెట్టి మొహం చూడకుండా వచ్చేసేదాన్ని.

ఇప్పుడు తోటలో కొత్త మొక్కలు మనిషెత్తు దాటాయి, నీడ మాత్రం రాలేదు. అడ్డపొగ తాగే ఆడవాళ్లు ఊళ్లో ఒకరో ఇద్దరో మిగిలారు. మట్ట మీద పిల్లల్ని ఈడ్చే పిల్లలు లేరు. మా బడిలోనూ రోజూ ప్రార్థన తర్వాత ఒక పిల్ల ఫోనులో చూసి 'చరిత్రలో ఈ రోజు' చదువుతుంది. ఏ రోజు చదివినా ఎక్కడో ఎవరో చచ్చే ఉంటారు. పిల్లలు చేతులు కట్టుకుని వింటారు.

తాతకి మతి నిలవడం లేదు. తర్వాత కట్టిన స్లాబు ఇంటి వరండాలో కూర్చుని, నేను బస్సు దిగి రాగానే మొదట అడిగేది అదే: "తల్లీ, ఈయాల తారీకెంత?" మొదట్లో ఉన్నది చెప్పేదాన్ని. ఒకసారి ఇరవై మూడని చెబితే, "అయిపోనాదా" అని రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. ఆ పూట మెతుకు ముట్టలేదు. అప్పటి నుంచి ఏ నెలలో అడిగినా, ఏ రోజు అడిగినా, నా జవాబు ఒక్కటే. మొన్నా అదే చెప్పాను.

"పదో తారీకు, తాతా."

ఆయన మొహం తేటపడింది. గోడ పట్టుకుని లేవబోయాడు.

"మరింకేటి, ఈయాలే ఎల్లిపోదుం. మీ నాయనమ్మని మూట కట్టుకోమను."

"కట్టుకుంది తాతా" అన్నాను.