నడిస్తే చాలన్నారు

మా కూచిపూడి బ్యాలే రిహార్సల్లో ఎగిరి దిగేటప్పుడు నా కుడి పాదం లోపలికి మడతపడింది. విజయనగరంలో మేం సాధన చేసేది సిమెంటు గచ్చు మీద. చీలమండ దగ్గర పటుక్కుమన్న చప్పుడు నాకొక్కదానికే వినిపించింది. సాయంత్రానికి చెప్పు పట్టనంతగా కాలు వాచిపోయింది. ఎముక విరగలేదు, లిగమెంటు చిరిగింది, ఫిజియోథెరపీ చేయించుకోమన్నాడు డాక్టరు.

నాన్నకి నెల్లిమర్లలో కిరాణా కొట్టు. నా నాట్యం ఆయనకెప్పుడూ గిట్టలేదు. "షావుకారి కూతురు స్టేజీ మీద గెంతుతాదట" అని కొట్లో ఎవరైనా అంటే, ఆ పూట అన్నం సరిగా తినేవాడు కాదు. అలాంటి మనిషి కొట్టు అమ్మకి అప్పగించి, నన్ను స్కూటరు మీద విజయనగరం తీసుకెళ్లేవాడు. గతుకులొస్తే బండి నెమ్మది చేసి, "నొప్పెడతందా అమ్మా?" అనేవాడు. కాలు పోతే పోయింది, నాన్న నా వైపుకొచ్చాడనుకున్నాను.

ఫిజియోథెరపిస్టు నాకన్నా కాస్త పెద్దావిడ. పాదానికి రబ్బరు పట్టీ తగిలించి లాగించేది. మడమలెత్తి నిలబెట్టేది. కుంటడం పోయింది, మెట్లెక్కాను. అక్కడితో ఆగిపోయింది. వారాలు గడిచినా అవే వ్యాయామాలు. నా పక్కనే చికిత్సకొచ్చే వాలీబాల్ అమ్మాయిని మాత్రం ఒంటికాలి మీద గెంతించేది, పీట మీంచి దూకించేది.

"నాకెప్పుడండీ?" అనడిగాను.

ఆవిడ వింతగా చూసింది. "మీరు డాన్సు మానేశారు కదా? మీ నాన్నగారు మొదటిరోజే చెప్పారు. నడిస్తే చాలు, గెంతించొద్దన్నారు."

"కాలు నాది కదండీ. నన్నడగలేదేం?"



నాన్న బయట బత్తాయి రసం తాగుతున్నాడు. నాకూ ఒక గ్లాసు చెప్పాడు.

"నేను డాన్సు మానేసానని ఎందుకు సెప్పావు నాన్నా?"

ఆయన తడబడలేదు. "ఇప్పుడు నడుత్తన్నావు గదే. ఏటి తక్కువైనాది నీకు? దేవుడే ఆపినాడు. మళ్లీ నానెందుకు మొదలెట్టించాలి?"

గ్లాసు ముట్టుకోలేదు. బస్సెక్కి ఇంటికొచ్చేశాను.

ఆ తర్వాత ఒక్కదాన్నే వెళ్లాను. ఆవిడ క్షమించమని అడిగి, గెంతడం మొదటినుంచి నేర్పింది. కాలు ఒప్పుకుంది గాని భయం వదల్లేదు. ఈలోగా శ్రీకాకుళంలో మా బ్యాలే ప్రదర్శన జరిగిపోయింది. నా పాత్ర వెనక వరస అమ్మాయి వేసింది. జనంలో కూర్చుని, ఆమె ఎగిరిన ప్రతిసారీ పళ్లు బిగించాను. బాగా చేసింది. అందుకే ఎక్కువ మండింది.

ఇప్పుడు మళ్లీ ఆడుతున్నాను. ఎగరబోయే ముందు చిన్న తటపటాయింపు. చూసేవాళ్లకి తెలియదు, మా గురువుగారికి తెలుసు. ముందు వరసలో నిలబెట్టరు.

కొట్టుకొచ్చినవాళ్లతో నాన్న అంటుంటాడు: "మాయమ్మి కాలు పోతే నానే తిప్పి తిప్పి బాగు సేయించినాను." అవునా అన్నట్టు వాళ్లు, కొట్లో సాయం చేస్తున్న నా వైపు చూస్తారు. కందిపప్పు తూకం చూసుకుంటున్నట్టు తల దించుకుంటాను.