ఆదివారం రాని తలనొప్పి

ఫిల్మ్ నగర్ వాలులో, రెండు పెద్ద ప్రహరీల మధ్య మిగిలిపోయిన ఇరుకు జాగాలో నా షెడ్డు ఉండేది. బోరబండ నుంచి స్కూటర్ మీద వచ్చి తొమ్మిదింటికల్లా షట్టర్ ఎత్తేవాణ్ణి. అప్పుడు మాదాపూర్ వైపు ఎటు చూసినా అద్దాల బిల్డింగులు లేస్తున్నాయి. నిన్నటిదాకా సినిమా వాళ్ళ కార్లే వచ్చిన నా దగ్గరికి సాఫ్ట్‌వేర్ వాళ్ళ కార్లు కూడా రావడం మొదలైంది. ఇంజిన్ మీద పొడవాటి స్క్రూడ్రైవర్ ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని రోగం చెబుతాడని నాకు పేరు. ఆ పేరు విన్నప్పుడల్లా లోపల కొంచెం పొంగిపోయేవాణ్ణి. కంప్యూటర్ పెట్టి చూసే పెద్ద షోరూములను చూసి నవ్వేవాణ్ణి కూడా.

ఒక చలికాలం ఉదయం జూబ్లీ హిల్స్ నుంచి ఒక డ్రైవర్ పెట్రోల్ కారు తెచ్చాడు. సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టిన ఒక సార్ ఇంట్లో పనిచేస్తాడు. డ్రైవర్ భీమవరం వైపు మనిషి. యాభై దాటాయి. తెల్లచొక్కా మడత నలగకుండా ఉండేది. నాకు మూడేళ్ళుగా తెలుసు.

"పొద్దున్నే స్టార్ట్ చేస్తే టిక్కు టిక్కుమంటోంది తమ్ముడూ. చెక్‌పోస్టు దాటేసరికి మళ్ళీ ఏమీ ఉండదు" అన్నాడు.

బానెట్ ఎత్తి విన్నాను. ఇంజిన్ సాఫీగా ఆడుతోంది.

"గిప్పుడైతే ఏం లేదు గదన్నా."

"అదేగా నా బాధ. నీ దగ్గరికొచ్చేసరికి నోరు మూసుకుంటుంది."

స్క్రూడ్రైవర్ పెట్టి పైనా పక్కనా విన్నాను. పైభాగంలో సన్నగా ఏదో వినిపించినట్టే అనిపించింది. వాల్వులను తెరిచే ట్యాపెట్లు వదులై శబ్దం చేస్తున్నాయని చెప్పాను. ఆ మధ్యాహ్నమే వాటిని సరిచేసి, చేతులు తుడుచుకుంటూ, "ఇగ ఫికర్ చెయ్యకు" అన్నాను. బండిని రాత్రికి షెడ్డులో ఉంచి, తెల్లారి చల్లగా ఉన్నప్పుడు ఒక్కసారి స్టార్ట్ చేసి విని ఉంటే సరిపోయేది. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. కానీ సాయంత్రం సార్‌కి బండి కావాలన్నాడు. నాకూ నా చెవి మీద నమ్మకం.

నాలుగు రోజులకు ఎదురుగా ఉన్న టీ బండి దగ్గర కనిపించాడు. నుదుటికి బామ్ రాసుకుని ఉన్నాడు.

"శబ్దం పోయిందా అన్నా?"

"కొంచెం ఉన్నట్టే ఉంది. నువ్వు చూశాక నాకే అలా అనిపిస్తోందేమో."

"సర్దుకుంటది. తలకాయకు ఏమైంది?"

"మాదాపూర్ దుమ్ము తమ్ముడూ. ఆ తవ్వకాలూ, ఆ సిమెంటూ. అందుకే అద్దాలెత్తి ఏసీ వేసుకుని ఆఫీసు కింద సెల్లార్‌లో బండిలోనే కూర్చుంటున్నాను. అయినా సాయంత్రానికి తల పగిలిపోతోంది."

వయసు మీద పడుతోందని ఆటపట్టించాను. నవ్వాడు గాని, ఇచ్చేసిన టీ డబ్బులే మళ్ళీ ఇవ్వబోవడం చూశాను. చూసి ఊరుకున్నాను.

ఆ తర్వాతి వారం టైర్లో గాలి కొట్టించుకోవడానికి వచ్చాడు. వెనక సీట్లో మేడం గారు, పక్కన వాళ్ళ ఆరేళ్ళ పాప. పాప కిటికీకి తల ఆనించి నిద్రపోతోంది. మధ్యాహ్నం పన్నెండు కూడా కాలేదు.

"ఒంట్లో బాగాలేదా మేడం?" అని అడిగాను.

"స్కూలు నుంచి మధ్యలోనే తీసుకొచ్చేశామండీ, వాంతులయ్యాయట. ఈ మధ్య బండెక్కితే చాలు, ఇలా పడిపోతోంది. డాక్టర్ గారు ప్రయాణం పడట్లేదంటున్నారు."

"సార్‌కి కూడా తలనొప్పేనండి. ఆఫీసు టెన్షన్" అని డ్రైవర్ అందించాడు.

నేను టైరు వైపు వంగి ఉన్నాను. ముగ్గురు మనుషుల గురించి విన్నాను, కారు గురించి వింటున్నానని నాకు తట్టలేదు. లేచేటప్పుడు పాప పెదవులు చెర్రీ పండు రంగులో కనిపించాయి. ఎంత ముద్దుగా ఉందో అనుకున్నాను.

మరో మూడు రోజులకు, సోమవారం ఉదయం, డ్రైవర్ మళ్ళీ టీ బండి దగ్గరికి వచ్చాడు. సార్‌ని ఆఫీసులో దింపి, ఏదో కవరు ఇవ్వడానికి ఫిల్మ్ నగర్ వచ్చాడట. టీ సగం తాగి పారబోశాడు.

"డాక్టర్‌కి చూపించుకోరాదే?"

"చూపించుకోవాలి. చిత్రమేంటో చెప్పనా తమ్ముడూ, ఈ తలనొప్పికి ఆదివారం సెలవు. నిన్నంతా హాయిగా ఉన్నాను. పొద్దున బండెక్కి గంట కాలేదు, మళ్ళీ మొదలైంది. సార్ కూడా అంతే. పోయిన వారం బెంగళూరులో రెండు రోజులుంటే తగ్గిపోయిందట."

"పని అంటేనే మీ ఇద్దరికీ పడ్తలేదన్నట్టు" అని నవ్వాను. ఆయన వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం దాటాక వేరే బండి సైలెన్సర్ పైపు విప్పుతున్నాను. పొద్దుననగా వచ్చి నిలిచిన బండి, పూర్తిగా చల్లారిపోయింది. పైపు జాయింటు దగ్గర పొగ బయటికి రాకుండా వేసే గాస్కెట్ తెగి చుట్టూ మసి పట్టి ఉంది. ఎక్కడ తెగిందో చూద్దామని ఇంజిన్ స్టార్ట్ చేశాను. టిక్కు టిక్కుమంది. చేతిలో పానా పట్టుకుని అలాగే వింటూ నిలబడ్డాను. ఇనుము వేడెక్కుతున్న కొద్దీ శబ్దం సన్నగిలింది. కాసేపటికి వినిపించనే లేదు.

డ్రైవర్ అన్న బండిలో టిక్కుమన్నది ట్యాపెట్లు కావు. ఇంజిన్‌లో కాలిన పొగను సైలెన్సర్ పైపులోకి పంపే పోత ఇనుప గొట్టాన్ని మానిఫోల్డ్ అంటాం. అది చిట్లితే చల్లగా ఉన్నప్పుడు టిక్కుమంటుంది, వేడెక్కి ఇనుము వ్యాకోచిస్తే సద్దు అణిగిపోతుంది. పగులు మాత్రం పూర్తిగా మూసుకోదు. పొగ వస్తూనే ఉంటుంది. అద్దాలెత్తి ఉన్న బండిలోకి. ఆదివారం బయటికి తీయని, అందుకే ఆ రోజు తలనొప్పి తెప్పించని బండిలోకి.

చేతులు కూడా కడుక్కోకుండా స్కూటర్ తీశాను. ముందు జూబ్లీ హిల్స్‌లో వాళ్ళింటికి వెళ్ళాను. గేటు దగ్గర వాచ్‌మన్ ఆపాడు.

"డ్రైవర్ అన్న ఏడున్నడు?"

"గిప్పుడేడ ఉంటడు? సార్ ఆఫీస్ కాడనే ఉంటడు."

మేడం గారు బాల్కనీలోంచి చూసి కిందికి వచ్చారు. బండిలో విషపు పొగ వస్తోందని చెప్పాను. ఆమె వెంటనే డ్రైవర్ సెల్‌ఫోన్‌కి చేశారు. ఆమె చెవి దగ్గర రింగు నాకు కూడా వినిపిస్తోంది. మోగి మోగి ఆగింది. మళ్ళీ చేశారు. సార్ మీటింగులో ఉన్నారేమో, ఆయన ఫోనూ ఎత్తలేదు.

"పాప కూడా అందులోనే ఉంది" అన్నారు. "మూడింటికి స్కూల్లో ఎక్కించుకుని ఆఫీసుకి వెళ్ళమన్నాను. వాళ్ళ నాన్నతో కలిసి డెంటిస్ట్ దగ్గరికి..."

సార్ ఆఫీసు ఎక్కడో డ్రైవర్ మాటల్లో విన్నదే, మిగతాది వినకుండా స్కూటరెక్కాను. మాదాపూర్ రోడ్డు సగం తవ్వేసి ఉంది. ఎదురుగా వచ్చే లారీల మధ్య నుంచి స్కూటర్‌ని ఎలా తోలానో నాకు గుర్తులేదు.

సెల్లార్‌లో కారు ఒక మూల స్తంభం పక్కన ఉంది. ఇంజిన్ ఆడుతోంది. చాలా సాఫీగా, ఏ శబ్దమూ లేకుండా. డ్రైవర్ సీటు వెనక్కి వాల్చుకుని పడుకున్నాడు. వెనక సీట్లో గులాబీ రంగు స్కూలు బ్యాగు, దాని మీద పాప తల. సీటు మీద ఆయన ఫోన్ వెలిగి ఆరుతోంది.

అద్దం మీద కొట్టాను. ఇద్దరూ కదల్లేదు. తలుపులు లోపల లాక్ చేసి ఉన్నాయి. సెక్యూరిటీ అతను పరుగెత్తుకొచ్చి, "ఏంది భాయ్, ఏం చేస్తున్నవ్?" అని నా చేయి పట్టుకోబోయాడు. జేబులో పానా ఉండిపోయింది. దానితో ఎడమ పక్క అద్దం పగలగొట్టి, లోపలికి చేయి పెట్టి తాళం తీశాను. అప్పుడతనికి అర్థమైంది. పాపను అతను ఎత్తుకున్నాడు, డ్రైవర్‌ని నేను చంకల కింద పట్టి ర్యాంప్ మీదుగా వెలుతుర్లోకి ఈడ్చాను. ఆయన చెప్పులు రెండూ దారిలో ఊడిపోయాయి.

పాప కాసేపటికి కళ్ళు తెరిచి వాంతి చేసుకుని ఏడ్చింది. ఏడుపు విని నాకు అంత సంతోషం కలగడం అదే మొదటిసారి. డ్రైవర్ లేవలేదు. ఇద్దరినీ దగ్గర్లో ఉన్న ఆసుపత్రికి చేర్చాం. పాప బండెక్కి అరగంటే అయిందని, డ్రైవర్ పొద్దున్నుంచీ ఆ గాలే పీల్చాడని, అందుకే ఇంత తేడా అని డాక్టర్ చెప్పారు. పొగలోని ఆ విషవాయువుకి రంగూ వాసనా ఉండవట, ఒంట్లోకి ఎక్కితే ఒక్కోసారి పెదవులు మాత్రం ఎర్రబడతాయట. ఇంకో పావుగంట ఆలస్యమైతే అని మొదలుపెట్టి, పాప తండ్రి ముఖం చూసి ఆపేశారు.

ఆయన నా రెండు చేతులూ పట్టుకుని, దేవుడిలా వచ్చారన్నారు. నేను తల వంచుకున్నాను. మొదటి రోజు నేను చేసిన తప్పు అప్పుడు చెప్పలేకపోయాను.

డ్రైవర్‌కి మర్నాడు మధ్యాహ్నానికి స్పృహ వచ్చింది. మూడో రోజు మంచం పక్కన కూర్చుని చెప్పాను. "అన్నా, మొదటి రోజే తప్పు చెప్పిన. అది ట్యాపెట్ కాదు. పొద్దుగాల ఒక్కసారి వింటే దొరికేది."

ఆయన సెలైన్ గొట్టం ఉన్న చేతిని దుప్పటి కిందికి లాక్కున్నాడు. తర్వాత, "నా సంగతి వదిలెయ్. పసిపిల్ల ఉంది కదయ్యా" అన్నాడు. తమ్ముడూ అనలేదు.

సార్‌కీ మేడం గారికీ కూడా చెప్పాను. సార్ ఫైలు మూసి కిటికీ వైపు తిరిగారు. మేడం గారు మాత్రం, "నాకు రెండు మూడు సార్లు ఏదో కాలిన వాసన అనిపించింది. ఏసీ పెంచమన్నాను" అని మెల్లగా అన్నారు. ఆ మాటకు మేం ముగ్గురం ఒకరినొకరు చూసుకోలేదు.

డ్రైవర్ కోలుకున్నాడు గాని స్టీరింగ్ పట్టలేదు. మాట మధ్యలో ఆగిపోయి, ఏం చెబుతున్నాడో వెతుక్కునేవాడు. సార్ ఆయనకు ఆఫీసులోనే కూర్చుని చేసే పని ఇచ్చారు.

బండి బాగుచేయమని నాకే పంపారు. ఎందుకు పంపారో అడగలేదు. మానిఫోల్డ్ విప్పితే వేలెడు పొడవున వెంట్రుకలాంటి పగులు, దాని చుట్టూ కాటుక పూసినట్టు మసి. ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్య రేకులో ఒక రబ్బరు బిరడా కూడా ఊడిపోయి ఉంది, పొగకు దారి అదే. కొత్త మానిఫోల్డ్ వేశాను, కంత మూశాను, పగిలిన అద్దం మార్చాను. అప్పగించే ముందు, పక్క దుకాణంలో పంక్చర్లు వేసే ఆయనను బండి పక్కన నిలబెట్టి, "నేను కండ్లు మూస్తే డోర్ తియ్యి" అని చెప్పి, అద్దాలెత్తి, ఏసీ వేసి లోపల కూర్చున్నాను.

అరగంట కూర్చున్నాను. తల బరువెక్కుతున్నట్టే అనిపించింది. పొగ వల్లనా, భయం వల్లనా తేల్చుకోలేకపోయాను. ఆయన బయటి నుంచి వంగి, "బాగనే ఉన్నవా?" అని సైగ చేశాడు. దిగి మళ్ళీ బానెట్ ఎత్తాను.