ఆ పిస్టన్ రుద్దింది నేనేనా?

నవ్వాలనుకుంటే ఇప్పుడే నవ్వేయండి. మధ్యలో నవ్వితే మాత్రం లేచి వెళ్ళిపోతాను. ఇది ఎవరో చెప్పగా విన్నది కాదు... నాకు జరిగింది. నా పిల్లల మీద ఒట్టు.

ఎనభైల మొదట్లో మాట. ఆర్.కె. పురంలో కింది క్వార్టర్ మాది, పైది సాంబశివానిది. మాది తెనాలి వైపు, అతనిది ఏలూరు వైపు. చుట్టరికం ఏమీ లేదు. కానీ ఢిల్లీలో తెలుగు మాట వినబడితే చాలదూ! వారం తిరక్కుండానే 'బావా' అంటే 'బావా' అనుకున్నాం. ఇద్దరం ఆఫీసు గుమాస్తాలమే. ఇద్దరికీ ఒకటే పిచ్చి... అరచేతిలో పట్టే మోటార్‌సైకిల్ ఇంజన్ తయారు చెయ్యాలి. విడిభాగాలు కొని బిగించడం కాదు. ఇనుప కడ్డీ, అల్యూమినియం దిమ్మ తెచ్చి, చెక్కి, తొలిచి, అంతా మేమే చెయ్యాలి. మాయాపురి తుక్కు బజారులో పాత లేత్ మిషన్ ఒకటి దొరికితే మా వెనక వరండాలో పెట్టాం. దాని మీద చెక్కగా రాలిన ఇనుప పొట్టు మా ఆవిడ చపాతీ పిండిలో కూడా తేలేది. "ఈ ఇంట్లో ఎవరికీ ఇనుము లోపం మాత్రం రాదు" అనేది.

సిలిండర్, పిస్టన్ నా వంతు. పని తెలియని వాళ్ళకు ఒక మాట చెప్పాలి. పిస్టన్‌ని కొలతకు చెక్కితే సరిపోదు. కాస్త లావుగా ఉంచి, రాపిడి పేస్టు, కిరసనాయిలు పూసి, ఆ సిలిండర్‌లోనే చేత్తో తోస్తూ, తిప్పుతూ రుద్దాలి. సర్... సర్... సర్... రుద్దగా రుద్దగా రెండూ ఒకదానికొకటి కుదురుతాయి. సిలిండర్ పైన బొటనవేలితో మూసి పిస్టన్ లాగితే 'టప్' మంటుంది. ఆ చప్పుడు వచ్చిందా, ఇక ఆపెయ్యాలి. ఆ పైన రుద్దితే వదులైపోతుంది, చేసిందంతా బూడిదలో పోసిన పన్నీరే. నేను చలికాలమంతా రుద్దాను. 'టప్' మన్న రోజు సాంబశివం నన్ను ఎత్తుకుని గిరగిరా తిప్పాడు.

ఇంజన్ బిగించాక, "రంగు వేసుకొస్తా బావా" అని పైకి పట్టుకెళ్ళాడు. అంతే. ఇంజనూ దిగి రాలేదు, అతనూ మా గుమ్మం తొక్కలేదు. మెట్ల మీద అడిగితే 'ఇంకా ఆరలేదు' అనేవాడు.

మరుసటి చలికాలంలో ఒక ఆదివారం నమూనా యంత్రాల ప్రదర్శన ఉందంటే చూద్దామని వెళ్ళాను. ఎర్ర మఖమల్ గుడ్డ మీద... మా ఇంజన్. ముందున్న అట్ట మీద ఒకటే పేరు. సాంబశివానిది. నన్ను చూసి తెల్లబోయాడు. మరుక్షణం సర్దుకుని, పక్కనున్న పెద్దమనిషితో హిందీలో అన్నాడు: "మా కిందింటాయన. మంచివాడు. అప్పుడప్పుడూ నూనె అందించేవాడు."

నూనె! నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయంటారే, అదీ నా సంగతి. ఇంటికొచ్చి అన్నం కూడా ముట్టలేదు.

ఆ రాత్రి కరెంటు పోయింది. రజాయి కప్పుకుని పడుకున్నాను గానీ నిద్ర పట్టలేదు. ఎప్పటికో కన్ను మూతపడబోతుండగా...

సర్...

వెనక వరండాలోంచి.

సర్... సర్...

ఎలుక అనుకున్నాను. కానీ వరస తప్పడం లేదు. రెండు తోపులు, ఒక తిప్పు. మళ్ళీ రెండు తోపులు, ఒక తిప్పు. అది నా చేతి వరస. సాంబశివానికి కూడా ఆ అలవాటు లేదు.

టార్చి తీసుకుని లేచాను. గచ్చు మంచులా ఉంది. వరండా తలుపుకి లోపలి గడియ వేసే ఉంది. తీశాను. చప్పుడు ఆగిపోయింది. ఎవరూ లేరు. లేత్ మీద కప్పిన గుడ్డ కప్పినట్టే ఉంది. కానీ వాసన... కిరసనాయిలు వాసన, ఇప్పుడే సీసా మూత తీసినట్టు. టార్చి గుడ్డిగా వెలిగి ఆరిపోయింది.

అప్పుడు... సరిగ్గా నా చెవి పక్కన...

టప్.

హమ్మయ్య, ఇక ఆగుతుంది అనుకున్నాను. ఆగలేదు. సర్... సర్... ఇంకా రుద్దుతోంది. "ఆపు" అన్నాను. "కుదిరింది, ఇక ఆపు!" గట్టిగానే అరిచాను. సర్... సర్... సర్...

మంచం మీదికి ఎలా వచ్చానో తెలియదు.

పొద్దున్నే మా ఆవిడని అడిగాను, రాత్రి నా అరుపు వినిపించిందా అని.

"అరుపేమిటి? అన్నం తినకుండా పడుకున్నారని నేనే నిద్ర మానుకుని చూస్తూ కూర్చున్నాను. మీరు అసలు కదల్లేదు" అంది.

చేతులు చూసుకున్నాను. గోళ్ళ సందుల్లో నల్లటి జిడ్డు.

అంతలో తలుపు చప్పుడు. సాంబశివం. తువ్వాల్లో ఇంజన్ చుట్టి పట్టుకున్నాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"రాత్రి మా ఇంటికెందుకొచ్చావు బావా?"

"నేనా?"

"ముందుగదిలో కింద కూర్చుని రుద్దుతున్నావు. పిలిస్తే తలెత్తలేదు. తలుపు గడియ వేసే ఉంది... ఎలా వచ్చావు?"

తువ్వాలు విప్పాడు. ఇంజన్ ఏ మరకా మర ఊడదీసి ఉంది. సిలిండర్‌ని కాస్త ఒంచాడు. పిస్టన్ దానంతటదే జారి నా అరచేతిలో పడింది. వదులైపోయింది.

తప్పయింది బావా అంటాడేమోనని చూశాను. దేవుడి తోడు, ఆ ఒక్క మాట అని ఉంటే కావలించుకునేవాణ్ణి. అనలేదు.

"బుకాయించకు. ఇంత నున్నగా రుద్దడం నీకు తప్ప ఎవరికొచ్చు? నీ చేతి పని నాకు తెలీదా?"

మా ఆవిడ ముందుకొచ్చి, "అదేమిటన్నయ్యగారూ, ఈయన మంచం దిగితే కదా..." అనబోయింది. నేను ఆపాను.

"అవును. నేనే వచ్చాను" అన్నాను.

మెట్లెక్కి వెళ్ళిపోయాడు. నేనే వెళ్ళానో, నా రూపంలో ఇంకేదైనా వెళ్ళిందో... ఇప్పటికీ నాకు తెలియదు. కానీ ఆ ఇంజన్‌లో నా చేతి పని ఉందని అతని నోటి వెంట విన్నది ఆ ఒక్క పొద్దునే. కాదనడానికి నాకు మనసొప్పలేదు.