తూకం మిషన్ దించిన వాకిలి

పీహెచ్‌డీలో చేరిన కొత్తలో సూర్యాపేటలో శిక్షణకు వెళ్లాను. పిల్లలను పుట్టినప్పటి నుంచి ఏటా కొలిచి సేకరించిన వివరాలతో పరిశోధన ఎలా చేయాలో నేర్పే శిక్షణ అది. మధ్యాహ్నం ట్రైనర్ సార్ మమ్మల్ని గరిడేపల్లి దగ్గర, అలా ఏటా కొలుస్తున్న ఒక పాప ఇంటికి తీసుకెళ్లారు. నేను తూకం మిషన్ దించుతుంటే తల్లి వాకిట్లోనే ఆపింది.

“ఇగ ఎవర్ని జోకుతరు మేడం? పిల్ల పోయి నెలాయె.”

ఆమె నా చేతిలోని మిషన్ వైపు చూసింది.

“ఏటేటా జోకిండ్రు. బరువు పెరుగుతలేదని ఒక్కసారన్న మాకు చెప్పిండ్రా?”

వెనక నుంచి తోటి విద్యార్థి మెల్లగా అడిగాడు, “సార్, దీనికి ఏ కోడ్ వేయాలి?”

పాప చనిపోయిందని నమోదు చేసే అంకె సార్ చెప్పారు. ఆమె చూస్తుండగానే ట్యాబ్‌లో ఆ అంకె నొక్కాను.

ఆ డేటాతోనే నాకు డాక్టరేట్ వచ్చింది. ఆమె అడిగినదానికి జవాబు మాత్రం అందులో ఎక్కడా లేదు.