వెనక గోడ

మంగళవారం పొద్దున సన్నగా తుంపర పడుతోంది. గోడలు కడిగే పనికి తుంపర మంచిదే, పాచి మెత్తబడుతుంది. ఒక కల్యాణమండపం ప్రహరీ కడుగుతుండగా ఫోన్ వచ్చింది. మేస్త్రి పోయారన్నారు. టీ తాగి, గ్లాసు కింద పెట్టి, అట్లాగే గోడకు ఆనుకున్నారట. మిషన్ ఆపేశాను.

ఆయనది మా వీధే. నలభై ఏళ్లు సున్నాలు, రంగులు వేసిన మనిషి. మోకాళ్లు అరిగాక నిచ్చెన ఎక్కడం మానేశారు. నేను నీళ్లు చిమ్మే మిషన్ కొని లాడ్జీల గోడలు కడగడం మొదలుపెట్టినప్పుడు, ధర చెప్పాల్సిన చోటికల్లా నా బండి వెనక కూర్చొని వచ్చేవారు. చేతిలో ఒక ప్లాస్టిక్ మగ్గు ఉండేది.

మగ్గు ఎందుకో ఈ పని తెలియనివారికి చెప్పాలి. యజమాని ముందు వైపు చూపిస్తుంటే ఈయన వెనక వైపుకు నడిచేవారు. గోడ మీద మగ్గుడు నీళ్లు పోసి చూసేవారు. నీళ్లు జారిపోతే సులువు పని. గోడ తాగేస్తే పూత వదులైందని అర్థం. అక్కడ మిషన్ పెడితే పెచ్చులూడతాయి, చేత్తో రుద్దాలి, రోజులు ఎక్కువ పడతాయి. అది తేలాకే ధర.

ఒకసారి ఆయన పలమనేరులో కూతురింటికి పోయి ఉన్నారు. తిరుచానూరులో నాలుగంతస్తుల లాడ్జికి నేనొక్కడినే వెళ్లి, ముందు వైపు చూసి ధర చెప్పేశాను. యజమానురాలు సరేనంది. పని మొదలుపెట్టే రోజుకు మేస్త్రి వచ్చారు. ఇద్దరం లాడ్జి వెనక్కి వెళ్లాం. బాత్రూం గొట్టాల వెంట పైదాకా నల్లటి పాచి. మగ్గుడు నీళ్లనూ గోడ తాగేసింది.

"ధర సెప్పేసినావా?"

"చెప్పేసినాను."

"ఇంటికి నాలుగు గోడలుంటాయప్పా. నువ్వు ఒక గోడకే సెప్పినావు."

ఆ ధరకు చేస్తే పనివాళ్ల కూలీకే చాలదు. మాట మారిస్తే ఆ వీధిలో ఇంకెవరూ పిలవరు. వెనక పక్క పైపైన కడిగేసి పోదామా అని అడిగాను. ఆయన కోప్పడలేదు.

"మిషన్ దించకముందు సెప్తే పొరపాటు. దించినాక సెప్తే మోసం. పో, ఇప్పుడే సెప్పు."

వెళ్లి చెప్పాను. ఆమె వచ్చి పైకి, కిందికి చూసింది.

"నేను ఈ పక్కకొచ్చి ఎన్నేండ్లయిందో. ఈ గబ్బంతా మాదేనా?"

"పక్కోళ్లది కాదులేమ్మా" అన్నారు మేస్త్రి.

"మరి మొన్న ఈయబ్బ కండ్లు యాడ పెట్టుకోని ధర సెప్పినాడు?"

"మీ ముందర గోడకుండే కొత్త రంగు మీదమ్మా."

ఆమె నవ్వింది. కొత్త ధరకు ఒప్పుకుంది. ఆ మధ్యాహ్నం అన్నం రెండుసార్లు పెట్టించుకుని తిన్నాను. ఆ వీధిలో ఇప్పటికి ఆరు లాడ్జీలు మేమే కడుగుతున్నాం.

ఆ మంగళవారం మేస్త్రి ఇంటికి వెళ్లేసరికి ఆయన భార్య గుమ్మంలో కూర్చొని ఉంది. "పడకన పడకుండా పోవాలంటా ఉండె. అట్లే పోయినాడు లేప్పా" అంది. ఆ మాటతో నా భారమూ కొంత దిగింది.

అలవాటు కొద్దీ ఇంటి వెనక్కి నడిచాను. గోడ ఆయన చెయ్యి అందేంత ఎత్తు వరకు శుభ్రంగా రుద్ది ఉంది. ఆ పైన పాచి. కింద మగ్గు, దాంట్లో వాన నీళ్లు.

మూడు గంటలకు ఆయన్ను తీసుకుపోయారు.